ఆట ఆపినవారు

జూలై రెండవ ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. లాండ్రీ పైఅంతస్తులోని పొడవాటి గదిలో ఆ రోజు పంతొమ్మిది మందిమి ఉన్నాం. పదహారుగురు ఆటగాళ్ళు. పదిహేడవ వ్యక్తి లాండ్రీ యజమాని. గది ఆయనదే, పోటీలు నడిపేదీ ఆయనే. పద్దెనిమిదవ వ్యక్తి ఆయన భార్య. మెట్ల మీద నిలబడి ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను కిందనున్న యంత్రాల మీద వేసి ఉంచింది. పంతొమ్మిదవవాణ్ణి నేను.

బయట వాన పడుతోంది గాని ఆ గదిలో వాన వినబడదు. కింద బట్టలు ఆరబెట్టే యంత్రాలు ఎనిమిది ఏకధాటిగా తిరుగుతుంటాయి. వాటి వెచ్చదనం నేలలోంచి పైకి పాకి అరికాళ్ళను తాకుతుంది. సబ్బు వాసన, ఆవిరి, గోడ పొడవునా వెలిగే తెరలు. అక్కడ కాసేపు కూర్చుంటే ఏదో పెద్ద జంతువు వీపునెక్కి దాని ఊపిరితోపాటు మెల్లగా ఊగుతున్నట్టుంటుంది.

నన్ను అక్కడికి చేర్చింది ఒక నిబంధనల కాగితం. దాన్ని మా మేనకోడలు అంతకుముందు మంగళవారం ఇంటికి తెచ్చింది. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపడుతుంది. పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉంటోంది. ఆదివారాలు లాండ్రీ మీద ఏదో వీడియో ఆట ఆడుతుందని తెలుసు. ఇద్దరు యోధులు తెర మీద తన్నుకునే ఆట అని కూడా తెలుసు. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నేను విశ్వవిద్యాలయం వారి నిఘంటువుకు ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుతాను. ఒకే ఇంట్లో ఒకరికొకరు అడ్డు రాకుండా బతకడంలో మేమిద్దరం ఆరితేరినవాళ్ళం.

"మామయ్యా, ఇందులో తప్పులుంటే కాస్త దిద్దిపెట్టవూ? లాండ్రీ అంకుల్ రాశాడు. అందరూ పగలబడి నవ్వుతున్నారు."

చదివాను. 'ఓడినవారు బటన్ల ప్యాడు విసిరికొట్టరాదు. గెలిచినవారు కూడా.' 'తడి గొడుగులు, తడి మనుషులు తెర దగ్గరికి రారాదు.' వీటిలో నాకు తప్పేమీ కనబడలేదు. ఏడవ నిబంధన దగ్గర పెన్సిల్ తీశాను. 'మధ్యలో ఆట ఆగితే రౌండు పోతుంది.'

"ఎవరికి పోతుంది?"

"ఆపినవాళ్ళకి."

"ఆపినవాళ్ళు ఇందులో లేరే. ఆగితే అని ఉంది. దానంతటదే ఆగిందా, ఎవరైనా ఆపారా?"

"పాజ్ బటన్ దానంతటదే నొక్కుకోదు కదా మామయ్యా. అందరికీ తెలిసిందే."

"అందరికీ తెలిసిందే అయితే రాయడం ఎందుకు?"

ఆగు అనే క్రియ మీద నాకు ఎప్పుడూ అనుమానమే. గిన్నె పగిలింది, తలుపు మూసుకుంది, ఆట ఆగింది: చేసినవాడు వాక్యంలోంచి చప్పుడు చేయకుండా జారుకుంటాడు. కొట్టేసి రాశాను: 'ఆట నడుస్తుండగా దానిని ఆపిన ఆటగాడు ఆ రౌండును కోల్పోవును.'

"కోల్పోవునా! 'ఆ రౌండులో పోతాడు' అంటే సరిపోయేదిగా?"

"పోతాడంటే చచ్చిపోతాడని అర్థం వస్తుంది."

"మా దగ్గర రెండూ ఒకటేలే," అంది.

ఆదివారం లాండ్రీ యజమాని ఆ నిబంధనలను బిగ్గరగా చదివాడు. 'కోల్పోవును' దగ్గర గొంతు పెంచి, అందరివైపూ గర్వంగా చూశాడు.

"మాస్టారూ, మీరు ప్రతివారం రావాలి. రాసినాయన ఎదురుగా ఉంటే గొడవలుండవు. లేకపోతే నా చొక్కా పట్టుకుంటారు. ఊరందరి చొక్కాలూ పట్టుకోవడం నాకు అలవాటే గాని, నా చొక్కా ఎవరైనా పట్టుకుంటే ఊరుకోలేను."

రానని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో మా మేనకోడలు తెర ముందు కూర్చుంది. ఆ మాట మరిచి చూస్తూ ఉండిపోయాను.

ఆ గదిలో ఆమెను నత్త అని పిలుస్తారు. పిలవడంలో వెక్కిరింత లేదు. కాస్త భయం ఉంది. ఆమె ఎంచుకునే యోధురాలు గొడుగు పట్టుకున్న ఒక ముసలమ్మ. ఎదుటివాడు ఎగురుతాడు, గింగిరాలు తిరుగుతాడు, నిప్పులు విసురుతాడు. ముసలమ్మ గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. అలా నిలబడే ఉంటుంది. చూసేవాళ్ళకు విసుగొస్తుంది, ఆడేవాడికి ఒళ్ళు మండుతుంది. వాడు ఒక్క తొందరపాటు చేయగానే గొడుగు తెరుచుకుంటుంది. అంతే, వాడి పని అయిపోతుంది.

ఇంట్లో ఆ పిల్ల చెంచా కూడా చప్పుడు కాకుండా పెడుతుంది. అది మెతకదనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. వేచి ఉండడమని ఆ రోజు తెలిసింది.

ఆమెకు సరిజోడు ఒక్కడే ఉన్నాడు, వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన. యాభై దాటిన మనిషి. అందరూ ఆయన్ని గడియారాలాయన అనేవారు. ఆటకు కూర్చునేముందు చేతి గడియారం విప్పి, ముఖం కిందికి ఉండేలా బల్లమీద పెట్టేవాడు. పొడుగు కాళ్ళతో కొట్టే ఒక కొంగ మనిషి ఆయన యోధుడు.

ప్రతి ఆటకు ముందు లాండ్రీ యజమాని చేతులు నోటికి అడ్డంపెట్టి, "అన్నీ నిద్రపుచ్చారా?" అని అరిచేవాడు. వైరు లేని ప్యాడ్లు ఒకసారి ఒక ఆట యంత్రంతో చెలిమి చేస్తే ఆ చెలిమి మరిచిపోవు. సంచిలో ఉన్నా సరే, మధ్య బటన్ నొక్కుకుంటే లేచి, పాత యంత్రాన్ని వెతుక్కుని, ఎవరి ఆటలోనో దూరి దాన్ని ఆపేస్తాయి. అందుకని ఆడనివాళ్ళందరూ తమ ప్యాడ్ల చెలిమి తెంచాలి. దాన్నే నిద్రపుచ్చడం అనేవారు. "పడుకున్నాయి!" అని గదంతా ఒకే గొంతుతో జవాబు వచ్చేది. ఆ మాట వినగానే కింద యంత్రాల హోరు కూడా కాస్త తగ్గినట్టనిపించేది.

ఆ వానాకాలమంతా అలా గడిచింది. వారాలు విడివిడిగా గుర్తులేవు. ఒకే పొడవాటి తడి మధ్యాహ్నంలా గుర్తుంది. దుకాణం నుంచి రాగానే ఆమె ముందుగదిలో సాధన చేసేది. తెర వెలుగు పచ్చగా గోడమీదికి, అక్కడినుంచి నా ప్రూఫుల మీదికి పాకేది. నీళ్ళలో కూర్చుని చదువుతున్నట్టుండేది. మధ్యాహ్నం కునుకులో కూడా బటన్ల టకటక వినిపించేది. లాండ్రీ గదిలో ఆమె ఇదివరకు ఆడిన పాత ప్యాడొకటి మధ్య బటన్ మొరాయించి ఇంట్లో మూలపడింది. గట్టిగా నొక్కితే తప్ప పలకదు. బరువుగా, చేతికి అందంగా ఉండేది. ప్రూఫులు గాలికి ఎగరకుండా దాన్ని పైన పెట్టుకునేవాణ్ణి.

"చూడు మామయ్యా," అంది ఒకరోజు. "సెకనులో అరవయ్యో వంతుని ఫ్రేమ్ అంటాం. కొంగ కాలెత్తడానికి పదకొండు ఫ్రేములు కావాలి. నా గొడుగుకి ఆరు చాలు. మధ్యలో ఐదు నావి."

"ఐదంటే ఎంతసేపు?"

"రెప్ప సగం కూడా పడదు."

"మరి నీకెలా కనబడుతుంది?"

"కనబడదు. వస్తుందని తెలుస్తుంది. నువ్వు తప్పు పట్టుకోవా? చదివి పట్టుకుంటావా, పేజీ తిప్పగానే తెలిసిపోతుందా?"

నిజమే. పేజీ తిప్పగానే తెలిసిపోతుంది.

ఆగస్టు చివరలో ఒక ఉదయం, చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర చెప్పింది. సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఆటగాళ్ళ కోసం ఒక ఇల్లు నడుపుతున్నారట. మా లాండ్రీ గది నుంచి ఒక్కరికి చోటు ఇస్తారట. సెప్టెంబరు చివర ఎవరు గెలిస్తే వాళ్ళకు. ఏడాదిపాటు అక్కడే ఉండి నేర్చుకోవాలి, పెద్ద పోటీలకు వెళ్ళాలి.

"ఓడిపోతే?"

"ఓడిపోతే అద్దాలు, నువ్వు, నేను. అదీ చెడ్డదేం కాదనుకో."

"మరి?"

"మరేం లేదు." చెప్పు పట్టీ రెండోసారి పెట్టుకుంది. "గెలవాలనుంది మామయ్యా. ఇంతవరకు దేనికీ ఇంత అనిపించలేదు."

"మంచిదే," అన్నాను.

ఆ ఉదయం దిద్దిన పేజీలో ఒక ఆరోపం, అంటే ఒక పదమూ దాని అర్థాలూ, మొత్తం కొట్టేశానని మూడు రోజుల తర్వాత అచ్చు విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు. మరునాటి నుంచి ఆమె సాధన చేస్తుంటే నేను ఎక్కువసేపు చూడసాగాను. ఐదు ఫ్రేములు ఎప్పుడొస్తాయో నాకూ కొద్దికొద్దిగా తెలియసాగింది. ఆమె వెళ్ళిపోకూడదని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోకుండా ఉండడానికి చాలా శ్రమపడ్డాను.

సెప్టెంబరు చివరి ఆదివారం. వాన వెలిసి, కిటికీ అద్దాల మీద చుక్కలు మాత్రం మిగిలాయి. సోమవారానికి ప్రూఫులు పంపాలి. ఆట మొదలయ్యేలోపు రెండు పేజీలైనా చూడవచ్చునని బల్లమీది కాగితాలన్నీ ఒక్కచేత్తో ఊడ్చి గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరాను.

చివరికి మిగిలింది వాళ్ళిద్దరే. మూడు ఆటలు ముందుగా గెలిచినవారిదే చోటు. గడియారాలాయన గడియారం విప్పి బోర్లా పెట్టాడు.

"ఏమ్మా నత్తా, ఇవాళైనా కాస్త నడుస్తావా, అక్కడే కాపురమా?"

"మీరు రండి అంకుల్. నేనెక్కడికీ పోను."

"అన్నీ నిద్రపుచ్చారా?" అని లాండ్రీ యజమాని అరిచాడు.

"పడుకున్నాయి!" అన్నాం. నేనూ అన్నాను. ఆ వారాల్లో అలవాటైంది.

చెరి రెండు ఆటలూ గెలిచారు. ఐదవ ఆటలో చెరొక రౌండు గెలిచారు. ఇక ఒక్క రౌండే మిగిలింది. గదిలో ఎవరూ గుటక మింగడం లేదు. కొంగ ప్రాణం తెర మీద వెంట్రుకవాసిగా మిగిలింది. ముసలమ్మది సగం ఉంది. ఆమె గొడుగు వెనక నిలబడింది. కొంగ ముందుకొచ్చింది, వెనక్కి తగ్గింది, మళ్ళీ వచ్చింది. మా మేనకోడలి వీపు కదలలేదు. మెడ మీద జారిన వెంట్రుకలు కూడా కదలలేదు.

కొంగ కాలెత్తబోతోందని నాకు తెలిసింది. చూడకముందే తెలిసింది. ఆ ఐదు ఫ్రేముల అవతల సముద్రం పక్కన ఒక గది, అందులో ఆమె ఒక కిటికీ తెరవడం, గాలికి పరదా ఎగరడం కూడా కనబడ్డాయి. ఒళ్ళో ఉన్న సంచి మీద నా చేతులు బిగుసుకున్నాయి. బిగుసుకున్నాయని రాస్తున్నాను. బిగించానని రాయాలేమో. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క వాక్యాన్నే దిద్దుతున్నాను, తేలలేదు.

తెర నిలిచిపోయింది. గొడుగు సగం తెరుచుకుని ఉంది. కొంగ కాలు గాలిలో ఉంది. వాటి మధ్య మూడు అంకె మెరుస్తోంది.

"మూడేంటి? ఉన్నవి రెండు ప్యాడ్లే కదా! ఎవరిదిరా మూడోది?" అని లాండ్రీ యజమాని అరిచాడు.

అందరూ సంచులు తడుముకున్నారు. నా ఒళ్ళో గుడ్డసంచిలోంచి నీలంగా ఒక వెలుగు వెలిగి ఆరుతోంది. ప్రూఫుల మీద బరువుగా పెట్టుకున్న పాత ప్యాడ్‌ను కూడా కాగితాలతోపాటే ఊడ్చి తెచ్చాను.

"నా సంచిలోంచి..." అన్నాను. అందరూ నావైపు తిరిగారు. "ఆగింది."

మా మేనకోడలు కూడా తిరిగింది. ఏడవ నిబంధన కొట్టేసినప్పుడు నేను ఆ కాగితాన్ని చూసిన చూపుతో నన్ను చూసింది.

"కాదు," అన్నాను. "నేను ఆపాను."

గది ఒక్కసారిగా మాటల్లో పడింది. నత్త గెలిచేసినట్టే లెక్క అని కొందరు, కాలు దిగేదాకా ఏదీ లెక్కకాదని కొందరు. గడియారాలాయన చేయెత్తాడు.

"నా ప్రాణం ఇంత మిగిలింది," అని వేలికొస చూపించాడు. "అయినా ఈ గెలుపు నాకొద్దు. పిల్ల ఏం తప్పు చేసింది? రౌండు మళ్ళీ ఆడదాం."

"ప్యాడ్ నాది," అంది ఆమె.

"ఏంటమ్మా?"

"ఆ ప్యాడ్ నాది అంకుల్. దాన్ని నిద్రపుచ్చకుండా ఇంట్లో పడేసింది నేను. ఎవరి ప్యాడ్ లేస్తే వాళ్ళకే రౌండు పోతుంది. ఎప్పుడూ అంతే కదా ఇక్కడ? నాకే పోయింది."

ఎప్పుడూ అంతే అన్నది నిజం. లాండ్రీ యజమాని నిబంధనల కాగితం గోడ నుంచి ఊడదీసి నా చేతికిచ్చాడు.

"మాస్టారూ, రాసింది మీరు. మీరే చెప్పండి."

అది నేను రాసిన వాక్యమే. ప్యాడ్ ఆపిందంటే ఆమె ఓడుతుంది, ఇంట్లోనే ఉంటుంది. ఆ అర్థం పట్టుకుని మాట్లాడితే కాదనేవాళ్ళు ఆ గదిలో లేరు, ఆమెతో సహా. గొంతు సరిచేసుకుని చదివాను.

"'ఆట నడుస్తుండగా దానిని ఆపిన ఆటగాడు.' ప్యాడ్ ఆపదు. మనిషి ఆపుతాడు. ఆపిన మనిషి ఆటగాడు కాడు. కాబట్టి రౌండు ఎవరికీ పోలేదు, మొదటినుంచి మళ్ళీ ఆడాలి. ఆపినవాడు బయటికి వెళ్ళాలి."

"అది ఇందులో లేదే," అన్నాడు లాండ్రీ యజమాని.

"ఉండాల్సింది," అన్నాను. ప్యాడ్‌ను బల్లమీద పెట్టి, సంచి తీసుకుని కిందికి దిగాను.

కింద లాండ్రీ యజమాని భార్య ఆరిన దుప్పట్ల గుట్ట ముందు నిలబడి ఉంది. మెట్ల మీదనుంచి అంతా విన్నట్టుంది.

"ఊరికే నిలబడకండి మాస్టారూ. ఆ కొసలు పట్టుకోండి."

పట్టుకున్నాను. దుప్పటి మా మధ్య తెల్లగా, వెచ్చగా పరుచుకుంది. ఆవిడ దగ్గరికి నడిచొచ్చి నా చేతుల్లోని కొసలు అందుకుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. దుప్పటి సగమైంది. ఇంకో దుప్పటి. పైన ఎవరో కాళ్ళు కదుపుతున్నారు. యంత్రాల గుండ్రటి అద్దాల్లో ఎవరివో చొక్కాలు, ఎవరివో లంగాలు చేతులు చాచుకుని, వదులుకుని, మళ్ళీ చాచుకుని తిరుగుతున్నాయి.

"అమ్మాయి వెళ్ళిపోతే వంటెవరు చేస్తారు మీకు?"

"ఇప్పుడూ నేనే చేస్తాను."

"మరింకేం?"

"ఇద్దరికి వండడమే వచ్చు," అన్నాను.

ఆవిడ దుప్పటి కొస నా చేతిలో పెట్టి, పైకి చూసింది. పైన చప్పుడు పూర్తిగా పోయింది. చాలాసేపు ఏమీ వినబడలేదు.

"నత్తమ్మే," అంది.

"ఎలా తెలుసు?"

"గడియారాలాయన గెలిస్తే వెంటనే అరుస్తారు. ఈ పిల్ల గెలిస్తే కాసేపటిదాకా ఎవరూ నమ్మరు."

అప్పుడు పైకప్పు దద్దరిల్లింది. దీపం ఊగింది.

ఆమె కిందికి వచ్చేసరికి ఏడు దుప్పట్లు మడత పెట్టాం. చేతిలో ఒక కాగితం ఉంది. ముఖం ఎర్రగా ఉంది, నిద్రలేచినదానిలా. లాండ్రీ యజమాని భార్య ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక గదిలోకి వెళ్ళింది.

"ఓటమి గడప దాకా తీసుకెళ్ళాడు గడియారాల అంకుల్. చివరికి తొందరపడ్డాడు."

"కాలెత్తాడా?"

"ఎత్తాడు." కాసేపు యంత్రాల వైపు చూసింది. "మామయ్యా, కావాలనే నొక్కావా?"

"తెలీదు తల్లీ."

"సరే." నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకుంది. "తెలీదంటే నమ్ముతా. లేదని అనుంటే నమ్మేదాన్ని కాదు. దీనిమీద నీ సంతకం కావాలట. నిబంధనలు రాసినవాళ్ళు కూడా పెట్టాలని లాండ్రీ అంకుల్ ఇప్పుడే కొత్తగా కనిపెట్టాడు."

ఆ రోజు ఫలితం రాసిన కాగితం అది. తేదీ, హాజరైనవారి సంఖ్య, గెలిచినవారి సంతకం, ఓడినవారి సంతకం. కింద ఒక గీత: 'అభ్యంతరములు ఎవరికైనా ఉన్నచో ఇక్కడ వ్రాయవలెను.' గడియారాలాయన అక్కడ 'వానకు వేళ్ళు పట్టేశాయి' అని రాసి, తనే కొట్టేశాడు. దాని పక్కన ఇంకా చోటుంది.

కాగితాన్ని మడతపెట్టిన దుప్పట్ల మీద పెట్టుకున్నాను. అది మెత్తగా కుంగింది. పెన్ను చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను. ఆమె తొందరపెట్టలేదు. వేచి ఉండడం ఆమెకు తెలిసిన విద్య.

'లేవు' అని రాశాను. కింద సంతకం పెట్టాను.

ఆమె తీసుకుని చదివింది. మళ్ళీ నా ముందు పెట్టింది.

"చుక్క పెట్టలేదు మామయ్యా."

పెట్టాను. ఆమె సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో దోపుకుని గుండీ పెట్టుకుంది.